బిడ్డ పేరు చెప్పకపోతే జైల్లో వేస్తారా?

ప్రశ్న: వకీల్ సాబ్‌కు నమస్తే. మాది దేవరకొండ. టైలరింగ్ షాపు నడుపుకుంటున్న. కింద మేము, పైన మా తమ్ముడోల్లు ఉంటరు. ఇల్లు ఒకటే, వంటలు వేరు. మా అమ్మ పింఛన్ కాగితాలు నా ఇంటి మీద ఉన్నయి గాని ఆమె తినేది తమ్మునింట్ల. మా బిడ్డ రెండేండ్ల నుంచి మా దగ్గరనే ఉంటున్నది. అల్లుని మీద భరణం కేసు నడుస్తున్నది. 2024ల కులగణన సార్ వచ్చి అరుగు మీద కూసోని అందరు వినంగనే బిడ్డ సంగతి, అప్పుల సంగతి అడిగి రాసుకున్నడు. నెల తిరగకముందే మాకెంత అప్పున్నదో అల్లునోల్లకు తెలిసింది. ఇప్పుడు మల్ల జనగణన అంటున్నరు. ఏం చెప్పను పొమ్మంటే జైల్ల ఏస్తరా? చెప్తే అల్లుని వకీలు ఆ కాగితం కోర్టుకు తెస్తడా? అమ్మ పింఛన్ పోతదా? మొన్న మా తమ్మునికి జనగణన ఆఫీసు నుంచి అని ఫోన్ చేసి ఆధార్, ఓటీపీ అడిగిన్రు. అది నిజమేనా?
(పేరు రాయవద్దన్నారు)

జవాబు: ముందు జైలు సంగతి తేల్చేద్దాం. ఆ భయం నెత్తిన కూర్చుంటే మిగతాదేదీ తలకెక్కదు.

జనాభా లెక్కలకు 1948 నాటి జనగణన చట్టం ఉంది. దాని 8వ సెక్షన్ ప్రకారం కేంద్రం గెజిట్‌లో అచ్చువేసిన ప్రశ్నలను ఎన్యూమరేటర్, అంటే ఇంటికొచ్చి లెక్క రాసుకునే ఉద్యోగి, అడిగితే, తెలిసినంతలో, నమ్మినంతలో జవాబు చెప్పాల్సిన బాధ్యత మనమీద ఉంది. చెప్పనని మొండికేసినా, కావాలని అబద్ధం చెప్పినా 11వ సెక్షన్ కింద శిక్ష వేయవచ్చు. ఆ శిక్ష వెయ్యి రూపాయల దాకా జరిమానా, అంతే. ఆ వెయ్యి రూపాయల కేసు పెట్టాలన్నా ప్రభుత్వం ముందస్తు అనుమతి ఇవ్వాలి. జరిమానా మాత్రమే ఉన్న నేరం కాబట్టి పోలీసులు తమంత తాము వచ్చి పట్టుకుపోవడానికి లేదు. నా ప్రాక్టీసులో ఇలాంటి కేసు కాగితం ఒక్కటి కూడా నా టేబుల్ మీదికి రాలేదు.

అయితే ఒక మాట. చెప్పనని కూర్చోవడం వేరు, వచ్చినాయనను నెట్టడం, చేతిలో ఫోన్ గుంజుకోవడం వేరు. అక్కడికి పోతే అది జనగణన చట్టం దాటి భారతీయ న్యాయ సంహితలోకి, డ్యూటీలో ఉన్న ఉద్యోగి మీద దౌర్జన్యం అనే 132వ సెక్షన్‌లోకి పోతుంది. అందులో జైలు ఉంది. మీ కోపం ఎంత న్యాయమైనదైనా అక్కడిదాకా పోనీయవద్దు.

ఇక అదే 11వ సెక్షన్ రెండో వైపు చూడండి. మీరు జవాబు చెప్పకపోతే వెయ్యి రూపాయలు. మీరు చెప్పిన జవాబును ఎన్యూమరేటర్ బయట చెప్పినా, ఇంటికొచ్చి అసభ్యమైన, అవమానకరమైన ప్రశ్న కావాలని అడిగినా, మీరు చెప్పింది ఒకటైతే తెలిసీ తప్పుగా రాసుకున్నా వెయ్యి రూపాయల జరిమానాతో పాటు మూడేళ్ల దాకా జైలు. మీరు భయపడ్డ జైలు చట్టంలో లేకపోలేదు. అది వచ్చినాయన కోసం రాసి పెట్టింది. ఈ సంగతి గోడల మీద ఎక్కడా రాయరు. నేనైతే ఇదే ముందు రాయాలంటాను.

ఇప్పుడు మీ బిడ్డ పేరు. 8వ సెక్షన్‌కు చివర ఒక మినహాయింపు ఉంది. చాలామంది వకీళ్లు కూడా అంతదాకా చదవరు. ఇంట్లోని ఆడవాళ్ల పేరు చెప్పి తీరాలని ఎవరినీ బలవంతం చేయడానికి లేదు. అట్లాగే ఏ ఆడమనిషీ తన భర్త పేరు గాని, చనిపోయిన భర్త పేరు గాని, ఆచారం ప్రకారం పలకకూడని మరెవరి పేరైనా గాని చెప్పాల్సిన పని లేదు. 1948లో ఢిల్లీలో కూర్చుని చట్టం రాసినవాళ్లకు మన ఇండ్ల సంగతి బాగానే తెలుసు.

1991 లెక్కలప్పుడు మా ఇంట్లో జరిగింది చెప్తాను. మా నాయనమ్మను భర్త పేరేమిటని అడిగితే నోరు విప్పలేదు. గోడకున్న యాదగిరిగుట్ట నరసింహస్వామి పటం వైపు చేయి చూపించింది. వచ్చినాయన నర్సయ్యా, నరసింహా, యాదగిరా, యాదయ్యా అని వరసగా అడగడం, ఈమె తల అడ్డంగా ఊపడం. చివరికి నేను బయట నుంచి పరిగెత్తుకొచ్చి 'లక్ష్మీనర్సు' అని చెప్పాను. అప్పుడు ఆమె చేసింది చట్టప్రకారం తన హక్కేనని నల్లకోటు వేసుకున్న తర్వాత గాని నాకు తెలియలేదు.

కాబట్టి మీరు "మా బిడ్డ పేరు చెప్పను" అనవచ్చు. కానీ ఆ మినహాయింపు పేరు వరకే. ఒక ఆడమనిషి ఉంది, వయసు ఇంత, చదువు ఇంత, పెళ్లి సంగతి ఇది అని చెప్పాల్సిందే. ఆమెను అసలు లెక్కలోనే లేకుండా చేస్తే అది అబద్ధపు జవాబు అవుతుంది.

పెళ్లి సంగతి అంటే మీరు అడగలేదు గాని మీ మనసులో ఉన్నది అదేనని ఉత్తరం చదివితేనే తెలిసిపోతున్నది. గత 2011 లెక్కల్లో ఆ గడిలో ఐదు జవాబులు ఉండేవి: పెళ్లి కాలేదు, పెళ్లయి ఉంది, భర్త లేదా భార్య చనిపోయారు, విడిగా ఉంటున్నారు, విడాకులు తీసుకున్నారు. కోర్టు డిక్రీ రానంతవరకు 'విడాకులు' అనకూడదు. మిగతా రెండింట్లో ఏది అన్నది ఆమె మనసును బట్టి ఉంటుంది. మళ్లీ కలిసే ఉద్దేశం ఏమాత్రం లేకుండా వేరుగా బతుకుతుంటే విడిగా ఉంటున్నట్టు. ఇంకా ఆశ ఉంటే పెళ్లయి ఉన్నట్టే. దీనికి కాగితం చూపించమని ఎన్యూమరేటర్ అడగడు. ఆ జవాబు కూడా మీరు చెప్పేకన్నా ఆమెనే చెప్పనీయండి. తండ్రి ఒకటి, బిడ్డ ఒకటి అనుకుంటున్న ఇండ్లను నేను చాలా చూశాను.

ఆ జవాబు అల్లుడి వకీలు చేతికి పోతుందా అంటే, పోదు. 15వ సెక్షన్ సూటిగా రాసింది. జనగణన రికార్డును చూసే హక్కు ఎవరికీ లేదు. అందులోని రాత ఏ సివిల్ కేసులోనూ సాక్ష్యంగా పనికిరాదు. జనగణన చట్టం కిందికి వచ్చే నేరం మీద విచారణ జరిగితే తప్ప క్రిమినల్ కేసులోనూ పనికిరాదు. మీ భరణం కేసు సివిల్ కిందికి వస్తుందా, క్రిమినల్ కిందికి వస్తుందా అని మేం వకీళ్లం గంటలకొద్దీ వాదించుకుంటాం. ఇక్కడ ఆ రగడ అక్కర్లేదు, రెండు తలుపులూ మూసే ఉన్నాయి. మీ బిడ్డ కుట్టుపని చేస్తున్నానని లెక్కల్లో చెప్పిందనుకోండి, "చూడండి, ఆమెకు సంపాదన ఉంది" అని ఆ కాగితం తెప్పించమని అవతలి వకీలు పిటిషన్ వేస్తే 15వ సెక్షన్ ఒక్కటి చూపిస్తే చాలు. కాకపోతే ఆమె షాపులో కూర్చుని కుడుతున్న సంగతి వేరే సాక్షులతో నిరూపించకుండా ఈ సెక్షన్ ఆపదు. కోర్టులో అబద్ధం ఆడటానికి దీన్ని ఆసరా చేసుకోవద్దు.

2024 సంగతికి వస్తే, మీకు జరిగిన దెబ్బ అసలు అక్కడే ఉంది. అది జనగణన కాదు. రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు మీద చేసిన ఇంటింటి సర్వే. 2024 నవంబర్‌లో మొదలైంది. టీచర్లు మధ్యాహ్నం దాకా బడి, ఆ తర్వాత సర్వే చేశారు. మొత్తం 75 ప్రశ్నలు, వాటిలో భూములు, అప్పులు, రాజకీయాలు కూడా ఉన్నాయి. 2025 ఫిబ్రవరిలో లెక్క బయటపెట్టినప్పుడు 3.1 శాతం కుటుంబాలు అందులోకి రాలేదని చెప్పి, మళ్లీ కొన్నాళ్లు గడువు ఇచ్చారు. తాళాలేసి ఉన్న ఇండ్లు కొన్నైతే, చెప్పం పొమ్మన్న ఇండ్లు కొన్ని. చెప్పం అన్నవాళ్ల మీద 1948 చట్టం పనిచేయదు. అప్పుడు మీరు "అప్పుల సంగతి చెప్పను" అని ఉంటే ఏ సెక్షనూ మీ జోలికి వచ్చేది కాదు.

కానీ బలవంతం లేనట్టే ఆ సర్వేకు 15వ సెక్షన్ లాంటి తాళం కూడా లేదు. మన జనం ఇక్కడే తికమక పడుతున్నారు. తప్పనిసరి అన్న మాట వినగానే బెదిరిపోయి జనగణన దగ్గర నోరు కట్టేసుకుంటారు. 'ఇష్టమైతేనే' అన్న సర్వేకు మాత్రం పథకం ఏదో వస్తుందేమోనని పాస్‌బుక్ తెచ్చి మరీ చూపిస్తారు. నన్నడిగితే దీన్ని తిరగేయాలి. చట్టం కింద అడిగేదానికి పూర్తిగా చెప్పండి, ఎందుకంటే ఆ చట్టమే దాన్ని దాచిపెడుతుంది. ఉత్తర్వు మీద వచ్చినాయనను మాత్రం "ఇది ఏ చట్టం కింద, ఈ కాగితం ఎవరి దగ్గర ఉంటుంది" అని అడిగి, ఆధార్, ఖాతా నంబరు, అప్పు ఇవన్నీ ఆలోచించి చెప్పండి. కోపంగా అడగక్కర్లేదు, చాయ్ ఇచ్చి అడగండి.

2014 ఆగస్టు 19 మీకు గుర్తుండే ఉంటుంది. సమగ్ర కుటుంబ సర్వే అని రాష్ట్రమంతా ఒక్కరోజు ఇంట్లో కూర్చుంది. ఆ ముందురోజు రాత్రి నేను హైదరాబాద్ నుంచి నకిరేకల్ దాకా నిలబడే వచ్చాను. బస్సులో కాలు పెట్టే సందు లేదు. నా పక్కన భివండి మగ్గాల నుంచి వచ్చిన మనిషి రెండు రాత్రులు నిద్రలేక కడ్డీ పట్టుకుని ఊగుతున్నాడు. ఎందుకింత ఆగమాగం అంటే "పేరు పడకపోతే కార్డు పోతది సార్" అన్నాడు. పాలమూరు నుంచి ముంబై పోయినవాళ్లూ అట్లాగే కూలీ వదులుకుని వచ్చారు. వివరాలివ్వడం తప్పనిసరేమీ కాదని అప్పటి ప్రభుత్వం హైకోర్టులో చెప్పుకుంది. ఆ మాట భివండి దాకా చేరలేదు.

2024లో మీ అప్పు సంగతి ఆ సర్వే సారే బయట చెప్పి ఉంటాడని మీరు అనుకుంటున్నారు. అయి ఉండొచ్చు. కానీ అరుగు మీద కూర్చున్నప్పుడు అక్కడ ఎందరున్నారు? పాలు పోసేవాళ్లు, పక్కింటివాళ్లు, షాపుకొచ్చినవాళ్లు. నిజంగా ఆయనే చెప్పాడనడానికి మనిషి సాక్ష్యం ఉంటే కలెక్టర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. ప్రభుత్వ ఉద్యోగి డ్యూటీలో తెలుసుకున్నది బయట చెప్పడం వాళ్ల ప్రవర్తనా నియమాలకు విరుద్ధం, శాఖాపరమైన విచారణ అడగవచ్చు. సాక్ష్యం లేకపోతే ఆ మాట అనవద్దు, రేపు ఆయనే మీ మీద పరువునష్టం అంటాడు.

జనగణనప్పుడు మాత్రం అరుగు వదిలేయండి. "సార్, లోపలికి రండి" అని తలుపు దగ్గరికేసి చెప్పండి. 9వ సెక్షన్ ప్రకారం ఇంట్లోకి రానివ్వాలి, గోడ మీద నంబరు వేయనివ్వాలి, ఆ నంబరు చెరపకూడదు. కానీ ఎంతవరకు రానివ్వాలనేది దేశాచారాన్ని బట్టి ఉంటుందని ఆ సెక్షన్‌లోనే ఉంది. దేవుని అర్ర దాకా తీసుకుపోనక్కర్లేదు. అసలు మనిషి ముందు నోరు విప్పడమే ఇష్టం లేకపోతే ఈసారి ఆన్‌లైన్‌లో మనమే నింపుకునే వీలు మొదటిసారి పెట్టారు. నింపాక ఒక నంబరు వస్తుంది, వచ్చినాయనకు అది చూపిస్తే సరిపోతుంది. బిడ్డతో చేయించండి. మీసేవలో కూర్చుని చేయిస్తే మాత్రం మళ్లీ అరుగు కథే.

ఇక అడిగేదేమిటంటే, ఇండ్ల లెక్కకు 2026 జనవరిలో 33 ప్రశ్నలు గెజిట్‌లో వేశారు. గోడలు ఏవి, పైకప్పు ఏది, నీళ్లు ఎక్కడివి, మరుగుదొడ్డి ఉందా, ఇంట్లో పెళ్లయిన జంటలు ఎన్ని, ఇంటర్నెట్ ఉందా, ముఖ్యంగా తినే ధాన్యం ఏది, ఇట్లాంటివి. (ఆ చివరిదానికి మా పాలమూరు మిత్రుడొకాయన "ఉదయం బియ్యం, రాత్రి షుగరు కోసం జొన్నరొట్టె, ఏది రాయించాలె" అని నన్నే సలహా అడిగాడు. ఎక్కువ తినేది రాయించమన్నాను, ఫీజు తీసుకోలేదు.) మొబైల్ నంబరు అడుగుతారు. ఆధార్ నంబరు లేదు, బ్యాంకు ఖాతా లేదు, జీతం లేదు, అప్పు లేదు. గెజిట్‌లో లేని ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన బాధ్యత కూడా లేదు. మనుషుల లెక్క రెండో విడతలో వస్తుంది. దానికి లెక్కకట్టే ఘడియ 2027 మార్చి 1 అర్ధరాత్రి. కులం అందులో అడుగుతారు. 1931 తర్వాత అన్ని కులాల లెక్క జనగణనలో తీయడం ఇదే మొదలు. సర్టిఫికెట్ అడగరు, మీరు చెప్పిందే రాసుకుంటారు.

అమ్మ పింఛన్. జనగణనలో కుటుంబం అంటే ఒకే వంటింట్లో తినే మనుషులు. ఒకే కప్పు కింద ఉన్నా మీదీ మీ తమ్ముడిదీ రెండు కుటుంబాలు, రెండుగానే చెప్పండి. అమ్మ పైన తింటుంది కాబట్టి తమ్ముడి కుటుంబంలో వస్తుంది. పింఛన్ కాగితాలు మీ ఇంటి మీద ఉన్నాయని ఆమెను కిందికి లాగవద్దు, రెండు చోట్లా రాయించవద్దు. జనగణన కాగితం తీసుకుపోయి పింఛన్ కోసే దారి లేదు, రికార్డు చూసే హక్కు ఎంపీడీవోకూ మున్సిపల్ కమిషనర్‌కూ లేదు. పింఛన్ల తనిఖీ వేరే జరుగుతుంది. దానికి వేరే మనిషి వస్తాడు, ఆయనకు మాత్రం పింఛన్ కాగితాల్లో ఉన్నదే చెప్పండి, లేదా ముందే చిరునామా సరిచేయించుకోండి.

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలు పుట్టస్వామి కేసులో చెప్పారు కదా, దాన్ని పట్టుకుని జనగణనకు పోనని అనవచ్చా అని కూడా కొందరు అడుగుతుంటారు. ఆ తీర్పే చెప్పింది, చట్టం ఉండాలి, సరైన అవసరం ఉండాలి, అడిగేది అవసరానికి మించకూడదు అని. జనగణనకు చట్టం ఉంది, అవసరం ఉంది. 2011 లెక్కల మీదనే ఇప్పటికీ ఆహార భద్రత కార్డుల సంఖ్య ఆగిపోయి ఉంది, మన జిల్లాల్లో కొత్త కార్డుల కోసం ఎన్నేళ్లు తిరిగారో మీకు తెలుసు. కెనడాలో 2010లో అక్కడి ప్రభుత్వం ప్రైవసీ పేరు చెప్పి జనగణనలో ఎక్కువ ప్రశ్నలుండే పెద్ద ఫారాన్ని ఐచ్ఛికం చేసింది. మరుసటేడు జవాబిచ్చినవాళ్లు 94 శాతం నుంచి 69 శాతానికి దిగారు, చిన్న ఊళ్ల వివరాలు చాలావాటివి అచ్చుకే పనికిరాలేదు, 2016లో మళ్లీ తప్పనిసరి చేశారు. చెప్పని ఊరే లెక్కలో మాయమైంది. మూడో షరతు, అంటే అవసరానికి మించి అడగకూడదన్నది మాత్రం వాదించదగ్గదే. రేపు గెజిట్‌లో ఆధార్ గడి చేరిస్తే నేనే రిట్ వేస్తాను.

చివరిగా మీ తమ్ముడికి వచ్చిన ఫోన్. అది దొంగ ఫోను. ఇంటికొచ్చేవాళ్లకు గుర్తింపు కార్డు ఉంటుంది, అడిగి చూడండి. జనగణన పేరు చెప్పి ఎవరు బ్యాంకు ఓటీపీ అడిగినా ఫోన్ పెట్టేయండి. ఆయన ఓటీపీ చెప్పాడా లేదా అన్నది మీరు రాయలేదు. చెప్పి ఉంటే ఈ జవాబు చదువుతూ కూర్చోకుండా ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి, ఆ తర్వాత బ్యాంకుకు పంపండి.